ఎర్రదారం కట్టిన మొక్కజొన్న

మొక్కజొన్న గింజల్లో కష్టజీవులూ సోమరిపోతులూ ఉంటారని నిండు సెమినార్ హాల్లో ప్రకటించి, ఐదు నిమిషాలు తిరక్కముందే ఆ సోమరితనం గింజలది కాదు, నాదేనని అందరి ముందూ రుజువు చేయించుకున్న మనిషిని నేను. ఈ ఘనత మా ఇంట్లో ఇంకెవరికీ దక్కలేదు. మా నాయన నెల్లూరులో ఎన్నో ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాడు. ఒక్క చెయ్యి తిరగేసి కుట్టిన పాపాన పోలేదు. పరువు తీయడానికి చదువుకున్న కూతురు కావాల్సి వచ్చింది.

అప్పుడు నేను పరిశోధన చేస్తున్నాను. నా పని గోడలు చూడడం. ఇంటి గోడలు కావు, మొక్క కణాల గోడలు. తల్లి మొక్క నుంచి గింజలోకి తిండి దిగే చోట ప్రత్యేకమైన కణాలు కొన్ని ఉంటాయి. మామూలు కణం గోడ చదునుగా ఉంటుంది. వీటి గోడ మాత్రం లోపలి వైపుకు వేళ్లలా, మడతలు మడతలుగా పెరుగుతుంది. గోడను అంటుకుని ఉండే సన్నని పొర కూడా ఆ మడతల వెంటే సాగుతుంది. చక్కెర లోపలికి పోయే దారులు ఆ పొరలోనే ఉంటాయి. పొర ఎంత పెరిగితే అన్ని దారులు. దర్జీ కూతుర్ని కాబట్టి నాకు ఇది తొందరగానే తలకెక్కింది. నడుము కొలత మారదు, కుచ్చులు పెట్టేకొద్దీ పావడాలో గుడ్డ ఎక్కువ పడుతుంది. అంతే సంగతి. ఇంత సులువైన మాట నాకు అవసరమైన రోజున ఎందుకు నోటికి రాలేదో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఆ మడతలు ఏ రోజుకు ఎంత పెరుగుతాయన్నదే నా సిద్ధాంత గ్రంథం. అన్ని రోజులూ అయిపోయి, పుప్పొడి పడిన ఎనిమిదో రోజు గింజ ఒక్కటే మిగిలింది. ఆ పంట దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. నా పరిశోధనకు గైడైన మా సారు అప్పటికే హెచ్చరించారు. "ఈసారి కూడా కాకపోతే, షకీలా, నేను రిటైరయ్యాక మా ఇంటి అరుగు మీద చూసుకుందాం నీ గింజల్ని" అన్నారు.

కోట అనే ఊరి దగ్గర, రొయ్యల గుంటలు దాటాక వచ్చే ఇసుక నేలలో పెంచలయ్యన్న అనే రైతు అర ఎకరం మొక్కజొన్న వేశాడు. అక్కడికి వెళ్లి, పొత్తుకు పీచు వచ్చిన మొక్కలు చూసుకుని, పీచుకు పుప్పొడి అంటించి, గుర్తుగా ఎర్రదారం కట్టాలి. సరిగ్గా ఎనిమిదో రోజు వచ్చి, దారమున్న పొత్తులు కోసుకోవాలి. మా నాయన దగ్గర ఒక రీలు అడుక్కుని వెళ్లి ఒకే రోజులో అరవై పొత్తులకు కట్టాను. పుస్తకంలో అరవై అని రాసుకుని రెండు గీతలు కూడా కొట్టాను. బస్సుకు పావుగంట ఉంది. అప్పుడు వచ్చింది రమణమ్మక్క, పెంచలయ్యన్న భార్య.

"ఏంది పాపా ఆ దారం?"

"గింజ కోసం అక్కా."

"గింజకు దారమేంది?"

"లోపలికి తిండి బాగా దిగుతుందా లేదా అని."

"దిగేదానికి కట్టినావా?"

"ఆ, అలాంటిదేలే."

రమణమ్మక్క కాసేపు దారాన్ని చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగింది. "దర్గా దారమా పాపా?"

ఆమె తప్పేం లేదు. నెల్లూరు సీమలో షకీలా అనే పిల్ల ఎర్రదారాలు కడుతుంటే ఎవరికైనా అదే తోస్తుంది. మా దర్గాలకు అందరూ వస్తారు, పెంచలయ్యన్న తమ్ముడికి దర్గా మొక్కుతో పెట్టిన పేరే మస్తానయ్య. కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కాదంటే మరేమిటని అడుగుతుంది. అదేమిటో చెబుతూ కూర్చుంటే బస్సు వెళ్లిపోతుంది. పైగా, చెప్పినా ఈమెకేం అర్థమవుతుందిలే అన్న పొగరు కూడా ఉంది, దాచుకోవడం దేనికి.

"మంచిదేలే అక్కా" అని నవ్వి, మిగిలిన రీలు గట్టు మీదే మరచిపోయి బస్సు కోసం పరుగెత్తాను.

ఎనిమిదో రోజు వెళ్లాను. మొక్కజొన్న మనిషెత్తు పెరిగి ఉంది, లోపల ఏముందో కనబడదు. గట్టు పక్క వరసల్లోనే చకచకా అరవై పొత్తులు దొరికాయి. ఇక లోపలికి వెళ్లడం దేనికి? లెక్క సరిపోయింది, బస్సూ దొరికింది. ఇంట్లో దారాలు విప్పుతుంటే కొన్ని పొత్తుల్లో గింజలు మరీ పసిగా కనబడ్డాయి. ఇసుక నేల కదా అనుకున్నాను. విప్పిన దారాలు పారేయబోతే నాయన ఆపాడు.

"పారేయబాకమ్మా, హుక్కులు కుట్టేదానికి పనికొస్తాయి."

గింజలు కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కొన్ని గింజల్లో గోడలు ముచ్చటగా మడతలు పడి ఉన్నాయి. కొన్నింట్లో అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. కొన్నింట్లో గోడ సున్నం కొట్టినట్టు చదునుగా ఉంది. అన్నీ ఒకే చేను, అన్నీ ఒకే రోజువి. ఇంకొకరైతే ఎక్కడో తప్పు జరిగిందని అనుమానపడతారు. నేను కొత్త సత్యం దొరికిందని అనుకున్నాను.

"దారాలు సరిగ్గా చూసుకున్నావా?" అన్నారు సారు.

"నా చేత్తో కట్టాను సార్."

"అన్నీ?"

"అన్నీ సార్."

సారు నా మాట నమ్మారు. సెమినార్ పెట్టించారు. చేనిచ్చిన రైతును గౌరవించాలని పెంచలయ్యన్ననూ రమణమ్మక్కనూ పిలిపించి, శాలువా కప్పి, ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను కష్టజీవుల బొమ్మలు చూపించాను, సోమరుల బొమ్మలు చూపించాను. ప్రతి గింజకూ దానిదైన స్వభావం ఉందన్నాను. జనం రాసుకుంటున్నారు. ఆ ఊపులో, చేలో తీసిన, దారం కట్టి ఉన్న పొత్తు ఫొటో తెర మీద వేశాను.

రమణమ్మక్క మొగుడితోనే మాట్లాడింది. కాకపోతే ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకు వినబడేలా మాట్లాడటం ఆమెకు అలవాటు.

"అది మనం కట్టిందే చూడు."

"కాదులే, ఆ పాప కట్టింది."

"మనదే. మూడు ముళ్లుండాయి. పాప ఒక ముడే వేస్తాది, బస్సుకు పోవాల గదా."

హాలంతా ఆమె వైపు తిరిగింది. సారు లేచి వెళ్లి, "ఏమన్నారమ్మా?" అని మర్యాదగా అడిగారు.

"అదే సార్, పాప కొన్నిటికే కట్టి పోయినాది. మిగతా చెట్లేం పాపం చేసినాయని మేమే అన్నిటికీ కట్టినాం. రీలు గట్టు మీదనే పెట్టి పోయింది గదా, కట్టమనే పెట్టిందనుకున్నాం."

"ఎప్పుడు కట్టారు?"

"పీచు వచ్చిందానికి వచ్చినట్టే కట్టినాం. పాప కోసుకునేదానికి వచ్చే ముందు రోజు దాకా కడతానే ఉండినాం."

సారు నా వైపు తిరిగారు. "నీ సోమరి గింజల వయసెంత?"

"తెలీదు సార్."

"పోనీ, ముడులను బట్టి వేరు చేద్దాం. ఆ దారాలేవి?"

"మా నాయన దగ్గర సార్."

"రేపు తీసుకురా."

"కుదరదు సార్. ఎర్రజాకెట్ల హుక్కుల కింద ఉన్నాయి."

తర్వాత హాల్లో వినబడిన నవ్వు గురించి నేను రాయను. ఎవరికివారు ఊహించుకోండి, దాన్ని రెట్టింపు చేసుకోండి. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడాది పోయింది, అదీ నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. కాసేపటికి రమణమ్మక్క శాలువా మడతపెట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"మాకు అసలు సంగతి చెప్పుంటే కట్టేవాళ్లమా పాపా?"

"బస్సుకు టైమైందని అక్కా."

"బస్సులు గంటకొకటి ఉండాయి."



సారు ఎవరెవరికో ఉత్తరాలు రాసి నాకు ఇంకో పంట సంపాదించి పెట్టారు. మరుసటి ఏడు అదే చేనికి వెళ్లాను. దారం తీయకముందే రమణమ్మక్కను గట్టు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను. గోడ అంటే ఏమిటి, పొర అంటే ఏమిటి, కుచ్చులెందుకు, ఎనిమిదో రోజే ఎందుకు, పుప్పొడి ఎవరిది, పీచు ఎవరిది. రెండు బస్సులు వెళ్లిపోయాయి. నేను ఆపలేదు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా విన్నది. చివరికి లేచి, చీర దులుపుకుంది.

"అర్థమైందా అక్కా?"

"అర్థమైంది పాపా. ఇంత కథ ఉండాదని తెలిసుంటే, ఆ పొద్దు నేను అడిగేదాన్నే కాదు."

ఎనిమిదో రోజు అరవై పొత్తులు కోశాను. అన్ని గింజల్లోనూ గోడలు బుద్ధిగా ఒకే తీరున మడతలు పడి ఉన్నాయి. సోమరి ఒక్కటీ లేదు.

కాబట్టి, చదువరులారా, మా నాయన కత్తెర మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఎవరికీ సగం జవాబు చెప్పను. అడిగినవాళ్లు తప్పయిపోయిందని లేచి వెళ్లేదాకా మొత్తం చెబుతాను.