పదకొండు కిలోమీటర్లకు రెండు సైకిళ్ళు

సోమవారం నుంచి మా ఆయన గూడూరులో కొత్త ఉద్యోగంలో చేరాలి. ఇక నన్ను స్కూటర్ మీద బడికి దించేవాళ్ళు లేరు. అల్లూరు నుంచి సముద్రం ఒడ్డున ఉన్న మా బడి పదకొండు కిలోమీటర్లు. తొమ్మిదికల్లా అక్కడ ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేయాలి. బస్సేమో తొమ్మిదింపావుకు గానీ చేరదు. స్కూటర్ నడపాలంటే నాకు గుండెదడ. సైకిల్ కుదరకపోతే ఆ ఊళ్ళోనే గది తీసుకుని వారమంతా ఒక్కదాన్నే ఉండాలి. తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

సైకిళ్ళు బాగుచేసే మస్తాన్ భాయ్ పాతవి రెండు చూపించాడు. లావు టైర్ల మౌంటెన్ బైకు ఒకటి, సన్న టైర్ల హైబ్రిడ్ ఒకటి. "రెండూ తొక్కి చూడక్కా. నా మాట నమ్మబాక" అన్నాడు. అమ్మేవాడి నోట ఆ మాట వినడం అదే మొదలు. ఆదివారానికి రెండూ బాడుగకు తెచ్చుకున్నాం.

ఆరున్నరకు బయల్దేరదామన్నాను. ఆయనగారి కాఫీ, పేపరు అయ్యేసరికి తొమ్మిది దాటింది. ముందు నేను మౌంటెన్ బైకెక్కాను. ఎదురుగాలి. నాలుగు కిలోమీటర్లకే తొడలు పట్టేశాయి. రోడ్డు పక్క బండి దగ్గర చెరో రెండు కారం దోసెలు తిని, ఎనభై రూపాయలిచ్చి, సైకిళ్ళు మార్చుకున్నాం.

హైబ్రిడ్ ఎంత తేలిగ్గా పోయిందో! "ఇదే తీసుకుంటా" అని వెనక్కి తిరిగి అరిచాను.

"ముందు చూడు!" అన్నారాయన రొప్పుతూ.

సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా రొయ్యల లారీ. వడ్లు తొక్కలేక ఇసుకలోకి దిగాను. సన్న టైరు కూరుకుపోయి పక్కకి పడ్డాను. ఆయన లావు టైర్ల మీద సుఖంగా దాటేశారు. దెబ్బ తగల్లేదు గానీ ప్రాణం ఉసూరుమంది. దాంతో పోతే ఆలస్యం, దీంతో పోతే ఇసుక. ఇక గది వెతుక్కోవాల్సిందే అనుకున్నాను.

కాళ్ళతో వడ్లు తిరగేస్తున్న పెద్దామె వచ్చి లేపింది. నా బాధ చెప్పుకున్నాను.

"పొద్దున ఎన్నింటికి పోతావు టీచరమ్మా?"

"ఎనిమిదికల్లా ఇటు దాటాలి."

ఆమె నవ్వింది. "అప్పుడు యాడ పరుస్తాం? మంచు ఆరాల గదా. తొమ్మిది దాకా కుప్పల మీద పట్టలే తీయం. రోడ్డంతా నీదే. సాయంత్రమంటావా, దిగి నడిపించుకుని పో. కొంపలేం మునగవు."

పొద్దున పట్టలు, సాయంత్రం వడ్లు ఏళ్ళ తరబడి చూసినదాన్నే. స్కూటర్ వెనక కూర్చున్నవాళ్ళు ఇవన్నీ ఎందుకు పట్టించుకుంటారు?

సోమవారం హైబ్రిడ్ మీద ఏడున్నరకు బయల్దేరాను. కుప్పలన్నీ పట్టల కింద నిద్రపోతున్నాయి. ఎనిమిదీ ఇరవైకి బడి గేటు నేనే తీశాను. ఈ దారిన సైకిల్ మీద పోయేవాళ్ళకు నేను చెప్పేదొకటే, ఎనిమిదిలోపు ఆ వడ్లచోటు దాటండి.

సాయంత్రం గాలి వెనకనుంచి తోసింది. వడ్ల దగ్గర దిగి నడిచాను. ఆరింటికి మా ఇంటి తాళం తీసి, ఇద్దరికీ బియ్యం కడిగి పెట్టాను.