ట్రాలరు పెట్టెలో మా స్టూడియో లైట్లు

మొన్న ఫొటోలు తీసే మా అక్క కొడుకు తన లైటుకు కొత్త పెట్టె ఒకటి తెప్పించి, బాగుందో లేదో చూసి చెప్పమని నా ముందు పెడితే, నేను చేసిన మొదటి పని మూత తీసి, లోపలికి తల దూర్చి వాసన చూడడం. వాడు పకపకా నవ్వాడు. నల్లటి గట్టి ప్లాస్టిక్ పెట్టె, అడుగున చక్రాలు, లోపల లైటు ఆకారానికి సరిగ్గా కోసిన స్పాంజి, చినుకు కూడా దూరకుండా మూత చుట్టూ రబ్బరు అంచు. "ఏటి మావయ్యా, మామిడిపండేటి వాసన సూడ్డానికి" అని వాడి వెటకారం. వాసన చూశాక, లోపలున్న లైటును అరచేత్తో కాకుండా చేతి వెనకవైపుతో ఓసారి తాకి చూశాను. అది బ్యాటరీ లైటనీ, దానికి అసలు వైరే ఉండదనీ చెప్పి వాడు మళ్ళీ నవ్వాడు. నవ్వనీ పాపం. వాడి తండ్రి సంగతి నేనెప్పుడూ వాడికి చెప్పలేదు. మీకు చెబుతాను, మన ఈడువాళ్ళు నవ్వరని నా నమ్మకం.

ఎనభైల నడిమి మాట. పూర్ణా మార్కెట్ దగ్గర ఓ సందులో, మేడమీద, మా బావ స్టూడియో ఉండేది. బావ అంటే మా అక్క భర్త. సబ్బవరం పక్క పల్లెలో చెరుకు తోటల పని ఒంటికి పడక పట్నం పారిపోయి వచ్చిన నన్ను ఆయన చేరదీసి, ఫొటోలు తాను తీస్తూ, లైట్ల బాధ్యత నాకు అప్పగించాడు. మాకున్నవి రెండే రెండు లైట్లు, ఒక్కొక్కటీ వెయ్యి వాట్లది, బొంబాయి నుంచి తెప్పించినవి. ఇనప డొప్పలు, ఇనప స్టాండ్లు, వేడికి కరిగిపోకుండా నూలుగుడ్డ చుట్టిన వైర్లు. ఆ రోజుల్లో ఎర్తు వైరు గొడవ ఎవరికి తెలుసు, రెండు కాళ్ళ ప్లగ్గు గోడకు గుచ్చితే వెలుగొచ్చేది, అంతే. నేను పుట్టు పిరికివాణ్ణి కనక వాటిని తాకినప్పుడల్లా లోపల బితుకుబితుకుమంటూనే ఉండేది. కానీ ఆ పిరికితనం నలుగురికీ తెలియకూడదని పైకి మహా బింకం పోయేవాణ్ణి. ఆ బింకమే కొంప ముంచబోయింది.

స్టూడియోలో ఉన్నంతకాలం లైట్లకు పెట్టెలు అక్కర్లేదు. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు కావడంతో, ఉక్కునగరంలో క్వార్టర్లు లేచి, గోదావరి జిల్లాల నుంచీ కృష్ణా జిల్లా నుంచీ వచ్చిన ఉద్యోగస్థుల ఇళ్ళలో పెళ్ళిళ్ళు మొదలయ్యాక, మా లైట్లు కూడా బస్సులెక్కడం మొదలుపెట్టాయి. మొదట అక్క పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేకు ట్రంకుపెట్టెలో చీరలు తీయించి లైట్లు సర్దాం. గాజువాక గతుకుల్లో అవి ఒకదాన్నొకటి కొట్టుకుని బల్బులు పగిలాయి. తరువాత టీ పొడి వచ్చే పలచటి చెక్కపెట్టెలు వాడాం. తేలికే గానీ బస్సు టాపు మీద ఎవరిదో బియ్యం బస్తా పడితే అప్పడంలా నలిగాయి. వడ్రంగిచేత టేకు పెట్టె చేయిస్తే ఎలా ఉంటుందని అడిగి, అది ఎత్తడానికే నలుగురు కావాలని విరమించుకున్నాం. ఈసారి పెట్టెలు నేను చూస్తాను బావా, నాకు వదిలెయ్ అని రొమ్ము విరుచుకుని బయల్దేరాను.

అవి నాకు ఫిషింగ్ హార్బరులో దొరికాయి. మూలపడ్డ ట్రాలరు పడవ ఒకదాన్ని విప్పేస్తుంటే, అందులో వలసామాను దాచే పెట్టెలు రెండు గట్టున పెట్టి ఉన్నాయి. మంచి చేవగల చెక్క, ఇత్తడి మడతబందులు, రెండు పక్కలా తాడు పిడులు, చూడగానే ప్రాణం లేచొచ్చింది. చేపల కంపు కొడుతుంటే కుంకుడు రసంతో తోమి, మేడమీద నాలుగు రోజులు ఎండబెట్టి, లోపలా బయటా నల్లరంగు వేసి, అడుగునా పక్కలా బూరుగుదూది మెత్తలు కుట్టించి దిగ్గొట్టాను. బావ చూసి ముచ్చటపడ్డాడు. అక్క మాత్రం చంకలో రెండేళ్ళ పిల్లాడితో గుమ్మంలో నిలబడి, "ఏళ్ళ తరబడి సముద్రం తాగిన సెక్కరా అది, వానాకాలం సెమ్మ పడతాది సూడు" అంది. వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చే సంగతి తెలిసిన మనిషి చెప్పిన మాట. ఆడవాళ్ళకేం తెలుసు పెట్టెల సంగతి అని నేను విదిలించుకుని అవతలికి పోయాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

శ్రావణమాసం వచ్చింది. ముసురు పట్టి వారం రోజులు సూర్యుడి మొహం చూడలేదు. ఉక్కునగరంలో ఓ ఇంజనీరుగారి అమ్మాయి పెళ్ళి, పొద్దున్న పది దాటాక ముహూర్తం, మాకు అంతవరకూ తగిలిన వాటిలో అదే పెద్ద పెళ్ళి. రెండు రోజుల ముందు స్టూడియోలో లైట్లు సరిచూద్దామని పెట్టెలోంచి తీసి, ప్లగ్గు గుచ్చి, డొప్ప తిప్పబోయాను కదా, వేళ్ళలో చీమలు పాకినట్టు చిమచిమ. కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి కనక సరిపోయింది. గబుక్కున ప్లగ్గు పీకి పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తే, దూది మెత్తలు పిండని తువ్వాలులా తడితడిగా తగిలాయి. పైన ఎంత రంగు వేస్తే ఏం, చెక్కలో ఉప్పు చెక్కలోనే ఉంది, గాలిలో చెమ్మంతా లాక్కుని మెత్తలకు ఇచ్చింది, మెత్తలు వైరు చుట్టూ ఉన్న నూలుగుడ్డకు ఇచ్చాయి.

అప్పుడే బావతో చెప్పెయ్యాలి. చెప్పలేదు. అక్క మాటే నిజమైందని ఒప్పుకోవాలి, నేను తెచ్చిన పెట్టెలు పనికిరావని అందరూ నవ్వుతారు, అదీ నా బాధ. ఎవరూ చూడకుండా రెండు లైట్లూ వంటింటి పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టాను. మర్నాడు తాకి చూస్తే చిమచిమ లేదు. హమ్మయ్య అనుకున్నాను గానీ, లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. పైగా వేరే పెట్టెలు లేవు, మళ్ళీ ఆ మాయదారి పెట్టెల్లోనే పాత దుప్పటి పరిచి సర్దాను. మేం ఎక్కిన వ్యాను వెనక జల్లు కొడుతుంటే టార్పాలిన్ అంచులు గుప్పిట్లో బిగించి పట్టుకుని, దారి పొడుగునా అలాగే కూర్చున్నాను. బావ మాత్రం ముందు సీట్లో డ్రైవరుతో కబుర్లాడుతూ హుషారుగా ఉన్నాడు.

హాల్లో దిగాక మండపం చూసేసరికి నాకు తట్టింది, ఇంతసేపూ ఆ సంగతి ఆలోచించనే లేదని. స్టూడియోలో అందరం చెప్పులతో ఉంటాం. పెళ్ళి మండపం మీదికి ఎవరు చెప్పులతో ఎక్కుతారు? బావ మెట్టు దగ్గర చెప్పులు విడిచి, కెమెరా మెళ్ళో వేసుకుని, ఉత్త కాళ్ళతో పైకెళ్ళాడు. అంతలో పెళ్ళికూతురి తండ్రి వరుడి కాళ్ళు కడగడం మొదలుపెట్టాడు. రాగి చెంబుతో పోసిన నీళ్ళు పళ్ళెం దాటి, సిమెంటు గచ్చంతా పాకి, మా లైటు స్టాండు కాళ్ళదాకా వచ్చాయి. ధైర్యం చేసి బావ దగ్గరికెళ్ళి, చెప్పులేసుకో బావా అని గొణిగాను. "మండపం కాడ సెప్పులేట్రా, పిచ్చి గాని పట్టిందా" అని కసిరాడు. అప్పుడైనా ఎందుకో చెప్పానా, లేదు. పురోహితుడు మావైపు తిరిగి చూశాడు, నేను వెనక్కొచ్చేశాను.

నా చోటు మండపం వెనక కట్టిన గుడ్డ తెర చాటున, ప్లగ్గు దగ్గర. రెండు లైట్ల వైర్లూ ఒకే చెక్కబోర్డులో కలిసి, అక్కణ్ణుంచి ఒకే ప్లగ్గుతో గోడకు వచ్చేవి. తెర సందులోంచి నా కంటికి పెళ్ళికొడుకూ ఆనలేదు, పెళ్ళికూతురూ ఆనలేదు. తడి గచ్చు మీద బావ పాదాలు, అంతే. ఇరవయ్యేళ్ళు పొలంలో దున్ని, పట్నం వచ్చి మెత్తబడ్డ పాదాలు. జీలకర్రా బెల్లం అయింది. తాళి కట్టే వేళకు కుడివైపు లైటును చేత్తో పట్టుకుని కాస్త ముందుకు జరుపుకోవడం బావకు అలవాటు, ప్రతి పెళ్ళిలోనూ అంతే. నాకు అక్క మొహం కళ్ళ ముందు మెదిలింది, ఆమె చంకలో పిల్లాడు మెదిలాడు. వరుడు తాళి చేతిలోకి తీసుకున్నాడు, మేళగాళ్ళు గట్టిమేళం ఎత్తుకున్నారు, బావ ఎడమచెయ్యి స్టాండు వైపు చాచాడు. దానికీ చేతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

ప్లగ్గు పీకేశాను.

మండపం మీద ఒక్కసారిగా మసక కమ్మింది. కరెంటు పోయింది, కరెంటు పోయిందని జనం గోల. ఆ గోలలోనే మూడు ముళ్ళూ పడిపోయాయి, అక్షింతలు రాలాయి. పెళ్ళికూతురి తండ్రి తలెత్తి పైకి చూశాడు. ఫ్యాన్లు నిక్షేపంలా తిరుగుతున్నాయి. బావ కెమెరా దించి తెర వైపు తిరిగాడు. ప్లగ్గు చేత్తో పట్టుకుని నేను.

ఆ తరువాత ఆయన నన్ను హాలు వెనక వరండాలోకి రెక్క పట్టి లాక్కెళ్ళాడు. కొడతాడనుకున్నాను. అక్కడే ఉంచిన పెట్టె మూత తీసి ఆయన చెయ్యి పట్టుకుని మెత్త మీద పెట్టాను. బావ చెప్పులు తొడుక్కుని, ఆ లైటు తెప్పించి, అక్కడి గోడకు ప్లగ్గు పెట్టించి, స్క్రూడ్రైవరు టెస్టరు స్టాండుకు ఆనించాడు. టెస్టరులో ఎర్రగా వెలిగింది. ఆయన ఆ ట్రాలరు పెట్టె మీదే కూలబడ్డాడు. "ముందే సెప్పలేకపోయావేట్రా, నాను నవ్వుతానని ఊరుకున్నావా" అన్నాడు. అంతకన్నా రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

బావ లోపలికెళ్ళి తప్పు తనదేనని, లైట్లు తానే సరిగా చూసుకోలేదని ఇంజనీరుగారి ముందు తలొంచుకుని చెప్పాడు. వాళ్ళ బంధువులు అనరాని మాటలన్నారు. మళ్ళీ ఓసారి తాళి పట్టుకుని నిలబడితే ఫొటో తీస్తామని అడిగితే, ఒకసారి కట్టిన తాళికి నాటకాలేమిటయ్యా అని ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ ఆల్బములో జీలకర్రా బెల్లం తరువాత పేజీ బావ ఖాళీగా వదిలేసి, ఆ పై పేజీలో తలంబ్రాలు అంటించాడు. ఆ ఇంట్లో ఆ పేజీ తిప్పినప్పుడల్లా మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. తిట్టుకోనీ, మా అక్క పసుపు కుంకాలు మిగిలాయి.

ఆ పెట్టెలు మళ్ళీ ఇంటికి తేలేదు. అక్కకు మేమిద్దరం ఏమీ చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. అరచేత్తో పట్టుకుంటే కరెంటు మళ్ళీ విడవనివ్వదని, బావ మాత్రం ఆ రోజు మొదలు ఏ ఇనప వస్తువునైనా చేతి వెనకవైపుతో తాకి గానీ పట్టుకునేవాడు కాదు. చివరి రోజుల్లో ఫ్రిజ్జు తలుపు తీసేటప్పుడూ అంతే, అది చూసినప్పుడల్లా నేను తల తిప్పుకునేవాణ్ణి. ముసలితనంలో జబ్బుచేసి, మంచం మీద పోయాడు. అలా పోనిచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

ఇప్పటి పెట్టెలు మంచివి, కాదనను. ఉప్పు లేదు, చెమ్మ లేదు, లైట్లకు వైరే లేదు, మేనల్లుడు ఒక్కడే వెళ్ళి ఒక్కడే పెళ్ళి తీసి వస్తాడు. వాడి కాళ్ళు ఎక్కడున్నాయో చూస్తూ తెర వెనక నిలబడే మనిషితో వాడికి పనిలేదు. మొన్న వాడు పని చేస్తున్న పెళ్ళికి నన్నూ తీసుకెళ్ళాడు. గట్టిమేళం మోగింది, అందరూ తాళివైపు చూస్తూ అక్షింతలు వేశారు. నా గుప్పిట్లో అక్షింతలు అలాగే ఉండిపోయాయి. తడి గచ్చు మీద వాడి ఉత్త పాదాలనే చూస్తున్నాను, నా కుడిచెయ్యి మాత్రం దానంతటదే వెనక గోడ తడుముతోంది.