కొనకముందే అమ్మే మామయ్య

లోకంలో ఎవరైనా ఒక వస్తువు కొంటారు, వాడతారు, విసుగొచ్చాక అమ్ముతారు. రీసేల్ మామయ్యది తిరగేసిన లెక్క. ఆయన ముందు అమ్మే సంగతి తేల్చుకుంటాడు, అది తేలాకే కొనే సంగతి. ఇంతవరకూ తేలలేదు కాబట్టి ఇంతవరకూ ఏమీ కొనలేదు.

ఆ పేరు కార్ల షోరూమ్ వాళ్లు పెట్టింది. టీ కప్పు చేతికిస్తే ఎత్తి అడుగు చూసి, "దీన్ని అమ్మితే ఎంతొస్తుంది?" అంటాడు. కుర్చీ వేస్తే కూర్చోకముందే కుర్చీకి ధర కడతాడు. మేనేజరు మురిసిపోతూ తన నిశ్చితార్థం ఉంగరం చూపిస్తే, "బాగుంది నాయనా, కానీ అమ్మబోతే సగం కూడా రాదు" అని ఆశీర్వదించాడు.

ఆ వీధిలో రెండు షోరూములు ఎదురెదురుగా ఉండేవి. ఇటు ఎర్రటి ఇటలీ కారు, అటు వెండిరంగు జర్మనీ కారు. రెండూ నేలకు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఎక్కడానికి డబ్బుంటే చాలు గానీ దిగడానికి ఇద్దరు మనుషులు కావాలి. మామయ్య వారం వారం బస్సు దిగి, తెగిన చెప్పు ఈడ్చుకుంటూ ఎర్రకారు దగ్గరికి వచ్చేవాడు.

ఆయన్ని చూస్తే అక్కడి సేల్స్ అమ్మాయి ఎర్రకారు వెనక్కి తప్పుకునేది. ఆమె కొత్తగా చేరింది. అంతకుముందు లైబ్రరీలో పని, అక్కడ మాట్లాడకపోవడమే అర్హత. ఇక్కడేమో మాట్లాడితేనే జీతం. కస్టమరు ఎదురైతే ఆమె నోట్లోంచి నమస్కారంలో సగమే బయటికొచ్చేది. అక్క ఇంట్లో వరండాలో సర్దుకుంటున్న అమ్మను తెచ్చుకుని దగ్గర పెట్టుకోవాలంటే ఈ ఉద్యోగం నిలబడాలి. "వచ్చే నెలాఖరుకల్లా ఒక్క కారైనా అమ్మకపోతే వేరే పని చూసుకో" అని మేనేజరు చెప్పేశాడు.

మేనేజరు గారికి ఒక సిద్ధాంతం ఉంది. సూటు వేసుకొచ్చేవాడు అప్పులవాడు, తెగిన చెప్పులతో వచ్చేవాడే అసలైన కోటీశ్వరుడు. ఆ లెక్కన బస్టాండు నిండా కోటీశ్వరులే. అందుకే మామయ్యను ఆమెకు అప్పగించి, "వదలకు" అన్నాడు. వదలనిది మామయ్యే.

"ఎదుటి వెండికారు దీనికన్నా చవక. నీదెందుకు కొనాలమ్మా?"

"ఇది... ఎర్రగా ఉంటుందండీ."

"టమాటా కూడా ఎర్రగానే ఉంటుంది. మూడేళ్లు తిప్పి అమ్మితే ఎంతొస్తుంది?"

ఆమె బ్రోచరు అటూ ఇటూ తిరగేసింది. అందులో ఆ లెక్క లేదు.

"వచ్చేవారం చెప్పు. నాకేం తొందర్లేదు."

ఆమె ఇంటికెళ్లి పరీక్షకు చదివినట్టు చదివింది. తర్వాతి వారం గడగడా అప్పజెప్పింది. "మొదటి ఏడాది బాగా తగ్గుతుందండీ. ఆపైన నెమ్మదిగా తగ్గుతుంది. ఇవి తక్కువ తయారుచేస్తారు కాబట్టి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు."

ఆయన సంతోషించాలి కదా? లేదు. "మరి సర్వీసు ఖర్చో? అది తీసేస్తే మిగిలేదెంత?" అన్నాడు. ఆ పై వారం రంగు గొడవ, ఆ పై వారం తలుపు వేసిన చప్పుడు. ఆ పెద్దమనిషి తలుపు వేసి, చెవి పెట్టి విని, మళ్లీ వేసి, ఎదుటి షోరూముకెళ్లి అక్కడి తలుపు కూడా వేసి వచ్చాడు.

ఒకరోజు ఆమె ఓపిక నశించింది. "మామయ్యగారూ, పొద్దున్నే ఈ కారు స్టార్ట్ చేస్తే వీధంతా లేచి కూర్చుంటుంది! ఎదుటిదాన్ని స్టార్ట్ చేస్తే పక్కింటి పిల్లి కూడా కళ్లు తెరవదు! మనసుపడి కొనేవాడు అమ్మడం గురించి అడుగుతాడా అసలు?"

మామయ్య ముఖం విప్పారింది. "కోపమొస్తే బాగా మాట్లాడతావే! ఇప్పుడు అదే మాట నవ్వుతూ చెప్పు."

నెలాఖరు రానే వచ్చింది. ఇవాళ ఆయన చేత సంతకం పెట్టించమని మేనేజరు హుకుం. ఆమె సిగ్గు విడిచి అడిగేసింది. "మామయ్యగారూ, మీరివాళ కొనకపోతే నా ఉద్యోగం పోతుంది."

ఆయన బిత్తరపోయాడు. "నేను కొనడమేమిటి తల్లీ! నాకు సైకిలు తొక్కడమే రాదు."

"మరి ఇన్నాళ్లూ నా ప్రాణం ఎందుకు తోడారు?" ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి ఆమెకు.

ఆయన జవాబు చెప్పేలోగా అద్దాల తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. బిల్డింగులు కట్టించే కాంట్రాక్టరు. బూట్లనిండా సిమెంటు, చేతిలో ఎదుటి షోరూము కాగితాలు. "వెండికారు దీనికన్నా చవక. నేనిదెందుకు కొనాలి? అమ్మితే ఎంతొస్తుంది?"

అమ్మాయికి నవ్వొచ్చినంత పనైంది. తడుముకోకుండా చెప్పింది. ధర, సర్వీసు, ఏ రంగుకు గిరాకీ, అన్నీ. చివర్లో, "నిజం చెప్పాలంటే అమ్మేటప్పుడు, పెట్టిన డబ్బులో వెండిదానికే కాస్త ఎక్కువ తిరిగొస్తుందండీ. లెక్క ముఖ్యమైతే అదే తీసుకోండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే నవ్వు రావాలంటే మాత్రం ఇది" అంది.

గాజుగదిలో మేనేజరు తల పట్టుకున్నాడు. ఆవిడ కారులో కూర్చుని స్టార్ట్ చేసింది. షోరూమంతా దద్దరిల్లింది, ఆవిడ చిన్నపిల్లలా నవ్వేసింది. సంతకం పెడుతూ, "ఎదురుగా వెండికారు అమ్మే అతను కూడా అచ్చం నీలాగే చెప్పాడు. మీరిద్దరూ ఒకే బడా?" అని అడిగింది.

అమ్మాయి చటుక్కున వెనక్కి చూసింది. మామయ్య లేడు. ఇదంతా తన శిక్షణేనని మేనేజరు కాంట్రాక్టరుతో చెప్పుకుంటుంటే, ఆమె బయటికి పరుగెత్తింది. మామయ్య బస్టాపులో ఉన్నాడు.

"ఎదుటి షోరూమతన్నీ మీరే తయారుచేశారా?"

"వాడు నీకన్నా మొద్దు" అన్నాడు గర్వంగా. "ఒకప్పుడు ఇల్లిల్లూ తిరిగి కుట్టుమిషన్లు అమ్మేవాణ్ణి తల్లీ. తలుపు తీసినవాళ్ల ముఖం చూడగానే నోరు పడిపోయేది. విసుక్కోకుండా అడిగేవాడు ఒక్కడుంటే త్వరగా నేర్చుకునేవాణ్ణి. మొదటిరోజు నీ నమస్కారం సగంలో ఆగిపోతే నన్ను నేను చూసుకున్నట్టయింది."

"కుట్టుమిషన్ల కొట్టుకే వెళ్లొచ్చుగా?"

"అక్కడ ఏసీ ఉండదు" అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి ముఖం వెలిగిపోయింది. "ఆ చివర ఫ్లాట్లమ్మే ఆఫీసులో ఒకాయన కొత్తగా చేరాడట. నోట్లో మాటే లేదట, పాపం!"

ఈ కబుర్లలో బస్సు వచ్చి, ఆగి, కదలసాగింది. అమ్మాయి దానికి అడ్డంగా రోడ్డు మధ్యకు దూకింది.

"ఆపండీ! మా మామయ్య ఎక్కాలి!"

బస్సు ఆగింది. దాని వెనక రెండు కార్లూ, ఏ సంబంధమూ లేని ఒక సైకిలాయనా కూడా ఆగిపోయారు.