దొర ఇంకా ఓడలోనే ఉన్నాడు

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు వరండాలో కాళ్లు చాపుకొని ఏదో ఇంగ్లీషు నవల చదువుకుంటూ, ఉండి ఉండి పకపక నవ్వుతుంటే, ఏమిటా అని అట్ట చూశాను. నేలను ఊడ్చే తెల్ల గౌనులో ఒక పిల్ల, పక్కన మోకాళ్లదాకా బూట్లు తొడిగిన ఒక జమీందారు. ఒకప్పుడు నేను చదివింది అది కాదు గాని, ఆ జాతిదే. రెండువందల ఏండ్ల కిందటి ఇంగ్లండులో నాట్యాలు, పోట్లాటలు, చివర పెండ్లి. మన వయసువాళ్లం ఇట్లాంటివి పుస్తకాలని ఒప్పుకోము. ముప్పై ఏండ్లు బడిలో తెలుగు చెప్పిన నేను అసలే ఒప్పుకునేదాన్ని కాదు. అయినా నేను అంత ఇష్టంగా చదివిన పుస్తకం ఇంకొకటి లేదు, అంత నిర్దయగా వాడుకున్నదీ లేదు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, మా చెల్లెకు కిడ్నీలు రెండూ పనిచేయడం లేదని తేలింది. సోమవారం, గురువారం పొద్దున్నే కోస్గిలో బస్సెక్కి పాలమూరు దవాఖానకు పోవడం, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవడం, రక్తమంతా గొట్టాల్లోకి పోయి తిరిగి వస్తుంటే చూస్తూ ఉండటం. చెల్లె మొగుడు, మా మరిదికి పొలం పని, నేను అప్పుడే రిటైరయి ఖాళీగా ఉన్నాను, అందుకని తోడు నేనే పోయేదాన్ని. బడి లైబ్రరీలో చిత్తు కింద తీసేసినప్పుడు తెచ్చుకొని, చదవకుండా పడేసిన నవల ఒకటి సంచిలో పెట్టుకుపోయాను. చెల్లె ఏడో తరగతితో ఆపేసి జొన్నచేలోకి పోయిన మనిషి, దానికి ఇంగ్లీషు రాదు. ఏం చదువుతున్నవు, జర మాకు గూడ చెప్పరాదే అంటే, మన మాటల్లోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాను.

కథలో పొగరుబోతు దొర ఒకడు, నోటిదురుసు పిల్ల ఒకతె, ఆ పిల్లను ఎవరికో ఒకరికి కట్టబెట్టాలని తిరిగే మేనత్త. మొదటి నాట్యంలోనే ఎవరి కాలు ఎవరు తొక్కారని ఇద్దరూ తగువు పడతారు. ఆ పిల్ల టోపీ గాలికి ఎగిరిపోతే, దాన్ని పట్టబోయి దొర బాతుల కుంటలో పడతాడు. ఒకరోజు ఆ దొర పిల్ల ముందు నిలబడి, నన్ను చేసుకోవడం నీకిష్టమేనా అని అడిగాడని చెప్పగానే మా చెల్లె తల ఎత్తింది.

"దొర అడిగిండా? పిల్లనా? ఏ ఊరి దొరనే వాడు?"

పక్క మంచం ముసలాయన ఎంత నవ్వాడంటే పిక్క పట్టేసి నర్సమ్మ ఉరికొచ్చింది. ఆయన ఆ నొప్పిలోనే, "మా గడీ దొరకు జర గా పుస్తకం పంపియ్యమ్మా, జల్ది సదువుకుంటడు" అన్నాడు. ఆ వారం నుంచి వార్డులో నాలుగు మంచాలూ కథ కోసం చెవులప్పగించేవి.

అట్లాంటి జబ్బుకు నీళ్లు కొలిచి తాగాలి. చెల్లెకు ఎండాకాలంలో కూడా రోజుకు రెండు గ్లాసులే. నవలలోనేమో గడియకోసారి చాయ్. నేను పట్టించుకోకుండా చదువుతూ పోయి, ఒకరోజు అది పెదవులు నాక్కోవడం చూసి, ఆ తర్వాత చాయ్ వచ్చిన చోటల్లా దాటేసేదాన్ని. వారానికే పట్టేసింది. "వాళ్లకు గూడ బందు పెట్టినవా అక్కా? పాపం, వాళ్లేం జేసిండ్రే?"

రెండో వర్షాకాలం వచ్చేసరికి అది ఎండుకట్టె అయింది. మిషను మీదినుంచి లేచినరోజు నడవలేదు, మరునాడు తినలేదు, కోలుకునేలోగా మళ్లీ ప్రయాణం. ఇక రానంది. మరిది నా దగ్గరకొచ్చి, "వదినా, దానికి ఓపిక లేదు. ఇగ దాన్ని సతాయించొద్దు" అన్నాడు. నీకు విసుగొచ్చిందా అని అడిగాను. ఆయన తల వంచుకొని పోయాడు, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చెల్లెతో మాత్రం నెమ్మదిగానే, దొర ఆ పిల్లకు జవాబు రాసిండు, జాబుల ఏముందో గురువారం చెప్త అన్నాను. గురువారం బస్సెక్కింది.

అప్పటినుంచి అదే నా పద్ధతి. ప్రతిసారీ కథను ఏదో ఒక గండంలో ఆపి చెల్లెను ఇంటికి తెచ్చేదాన్ని. నవల దసరాకు ముందే అయిపోయింది, ఇద్దరికీ పెండ్లయింది. ఆ సంగతి నేను చెప్పలేదు. అదే చివరి పుట తెరిచి పెట్టుకొని, దొరను ఓడెక్కించి దూరదేశం పంపాను, పిల్లను గుర్రం మీదినుంచి పడేశాను, మేనత్తకు జ్వరం తెచ్చాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, అట్లా అల్లుతుంటే నాకు సంతోషంగా ఉండేది.

ఒక సోమవారం చెల్లె నన్నే చూస్తూ పడుకుంది.

"కాయిదం తిప్పుతలేవు అక్కా."

నేను అదే పుటలోకి చూస్తూ కూర్చున్నాను.

"పెండ్లయిపోయింది గదా. నాకెర్కనే. అయిపోయిందని ఒక్క మాట అను. ఇగ నన్ను ఇడిశిపెట్టు."

అది అడిగింది కథ గురించి కాదని నాకు తెలుసు. అయిపోయిందని నా నోటితో అంటే, అది మరుసటి గురువారం రాదు. పుట ఒకటి వెనక్కి తిప్పి, ఓడ ఇంకా ఒడ్డుకు రాలేదు, గురువారం చెప్త అన్నాను.

అది నా మాట కాదనే మనిషి కాదు, చిన్నప్పటినుంచీ. గురువారం వచ్చింది. చేయి చాపి సూదులు పెట్టించుకొని, మొహం అటువైపు తిప్పుకుంది. నేను చదివాను. ఇంకా మూడు వారాలు వచ్చింది. ఒక్కసారీ నవ్వలేదు, ఏమైందని అడగలేదు. పక్క మంచం ముసలాయన ఒకరోజు, "ఇగ సాలియ్యమ్మా" అన్నాడు. నేను ఆపలేదు. నాలుగో ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే పోయింది.

మూడోనాడు విస్తరిలో అన్నం పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఏదైనా కోరిక మిగిలితే పిట్ట ముట్టదని కదా మన నమ్మకం. విస్తరి పక్కన చాయ్ గ్లాసు, చెంబు నిండా నీళ్లు పెట్టాడు మరిది. పిట్ట రాకపోతే చేతులు జోడించి ఆ పెండ్లి సంగతి చెప్పాలని నేను లోపల మాటలు కూర్చుకున్నాను. మేము నాలుగడుగులు వెనక్కి జరగకముందే కాకి వచ్చి ముట్టింది. ఏ కోరికా లేకుండా పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇప్పుడు పాలమూరుదాకా పోయే పని లేదు. మిషన్లు మా దగ్గరికే వచ్చాయి, ఆటోలో పది నిమిషాలు. తోడు కూడా అక్కర్లేదు, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ పడుకుంటారు, కథ చెప్పమని ఎవరూ ఎవరినీ అడగరు. అటు పోయినప్పుడల్లా మా మరిది, అప్పుడే గిది ఈడ ఉంటే దానికి ఎంత సుఖమయ్యేదో అంటాడు. నేను ఔనంటాను. ఇంత దగ్గరుంటే దాన్ని ఇంకో రెండేండ్లు తిప్పి ఉండేదాన్నని ఆయనకు చెప్పను.