నాలుగో సీసాలో తగ్గిన వైన్

1998లో, పెత్తరమాస నాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు మాదాపూర్ దాటి ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌కు వెళ్లాను. అప్పట్లో మా దినపత్రిక ఆదివారం అనుబంధంలో వంటల పేజీ నాది. హైటెక్ సిటీ ఇంకా సగం భవనాలు, సగం పెద్ద పెద్ద బండరాళ్ల గుండ్లు. పోయినవాళ్లకు పెట్టుకునే అమావాస్య కాబట్టి కూలీలెవరూ పనికి రాలేదు. రోజూ బండలు పేల్చే చోట ఆ వేళ చిన్న చప్పుడు కూడా లేదు. చెవులు దిబ్బడేసినట్టు అనిపించింది.

అక్కడ విందుకు వైన్ ఎంచుతున్న ప్రసాదరావు గారిది కాకినాడ. పదేళ్లు ఓడల్లో వైన్ వడ్డించి వచ్చారు. దసరా వారంలో కంపెనీ విదేశీ అతిథులకు విందు ఇస్తోంది. మొక్కజొన్నతో చేసే మక్క గారెలకు, మటన్ కూరకు ఏ రెడ్ వైన్ నప్పుతుందో తేల్చి, ఆ సాయంత్రంలోగా మేనేజర్‌కు చెప్పాలి. ఆ ఎంపిక కుదిరితేనే ఆయన ఉద్యోగం ఖాయం. వంట రాయదుర్గం యాదమ్మది. వైన్ వాసన తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే మనిషి.

ఆరు సీసాలకు పాత పేపర్లు చుట్టి, అంకెలు వేసి ఉంచారు. దీన్ని బ్లైండ్ టేస్టింగ్ అంటారు. పేరూ ధరా కనబడకపోతే నాలుక మొహమాటపడదు. వాసన చూసి, గుక్క నోరంతా తిప్పి ఉమ్మేసి, ఓ ముక్క కూర తిని మళ్లీ రుచి చూడాలి.

"పొద్దున్నే బిరడాలు తీసి, పాడవలేదని చూసి, మళ్లీ పెట్టేశానండి. గదికి తాళం కూడా వేశాను" అన్నారు.

మొదటిది మసాలాకు మండింది. మూడోది కూర ముందు నీళ్లలా తేలిపోయింది. నాలుగో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఆయన ఆగిపోయారు.

"మిగతావన్నీ ఇప్పుడే నిద్ర లేచాయండి. ఇది ఎప్పుడో లేచింది."

మటన్‌తో అదే అన్నిటికంటే బాగా కుదిరింది. ఆరూ అయ్యాక పేపర్లు విప్పారు. నాలుగోది అన్నిట్లోకీ చవకది, ఎక్కువ కాలం నిల్వ ఉంచని లేత వైన్. మేం అన్నిట్లోంచీ సమానంగానే పోసుకున్నాం. కానీ అందులో రెండు వేళ్ల వైన్ తక్కువగా ఉంది.

అదే వైన్ ఇంకో సీసా తెరిచారు. పచ్చి అరటికాయ కొరికినట్టు నోరు పట్టేసింది. ద్రాక్ష తొక్కలోని ఈ వగరునే టానిన్ అంటారు. రెండూ ఒకే పెట్టెలోవి.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "తాళంచెవి నా జేబులోనే ఉందండి. సీసా సంగతి దేవుడెరుగు, నా నాలుకే పోయిందేమో. ఓడ మీద నాకు పని నేర్పిన పెద్దాయనకు ఇలాగే మొదలైంది."

గదిలో మేమిద్దరమే. అయినా నేను రెండుసార్లు తలుపు వైపు చూశాను.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. సగం పేల్చి వదిలేసిన గుండు కింద విస్తరిలో రెండు గారెలు, కూర. ఒక్క చీమ కూడా లేదు. రాతి మీద ఎండిన ఎర్రటి చార. నెత్తురనుకుని వెనక్కి జరిగాను. పక్కన మట్టి ముంత.

"ముట్టకు సారూ." వెనక యాదమ్మ. "మా ఆయనకు పెట్టిన. పోయినేడు ఈ గుండు పలగ్గొట్టంగనే పోయిండు."

పోయినవాళ్ల పేరున కల్లో సారానో నేల మీద పోయడాన్ని సాక అంటారు. ఆమె వైన్‌తో సాక పోసి, ముంత నింపి పెట్టింది.

"మీరు ఎంగిలి జేసినంక పెడితె ముడతడా? గందుకే ముందుగాల తీసిన."

"నాలుగోదే ఎందుకు?"

"ఆరూ వాసన జూసిన. గదొక్కటే జర ఘాటుగుండె. గొంతుల గీరకపోతె అది సారానే గాదనేటోడు."

ముంతలోకి చూశాను. అడుగున తడి కూడా లేదు.

"ఎండకు ఇగిరిందేమో" అన్నాను.

"ఏంది సారూ, ముంతెడు పొద్దటికెల్లి ఇప్పటికే ఇగురుతదా? తాగిండు." కూర ఉడికిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఆ సారుకు చెప్పకు. నా పని పోతది."

"ఆయన తన నాలుక పాడైందనుకుంటున్నారమ్మా. ఇక ఈ పని చేయనని చెప్పేసేలా ఉన్నారు."

ఆమె కాసేపు గుండు వైపు చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని నేరుగా లోపలికి నడిచింది.

"సారూ, మీ నాలుక మంచిగనే ఉన్నది. గా నాలుగోదాంట్ల నేనే ముంతెడు తీసిన."

అరుస్తారనుకున్నాను. ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"ఎప్పుడమ్మా?"

"పొద్దుగాల ఏడు గొట్టంగ. గ్లాసులు తుడవమని మీరే గది తీసిస్తిరి గద."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టారు. ఆరు గంటలు. బిరడా తీసినంత మాత్రాన వైన్‌కు గాలి తగలదు, మెడ సన్నం. కొంత వంచేస్తే సీసా భుజం దగ్గర గాలి ఆడి వగరు మెత్తబడుతుంది. ఈ పనిలో దాన్ని బ్రీతింగ్ అంటారు. తర్వాత తెరిచిన సీసాకు ఆ గాలి అందలేదు. ఆయన నాలుక చెప్పిందంతా నిజమే.

సాయంత్రం మేనేజర్‌కు నాలుగోదాని పేరే ఇచ్చారు. విందు రోజు పొద్దున్నే ప్రతి సీసాలోంచీ ఒక గ్లాసు తీసేయాలని షరతు పెట్టారు. విందు బాగా జరిగింది. ఆయన ఉద్యోగం ఖాయమైంది, యాదమ్మ పనీ నిలిచింది. తీసిన గ్లాసులు ఏం చేశారని అడిగితే, "అది యాదమ్మ డిపార్ట్‌మెంటండి" అన్నారు.

పత్రికల్లో పెరిగినవాణ్ణి, ఏం జరిగినా నా నోట ముందొచ్చే ప్రశ్న ఎవరు అనేదే. ఆ గదిలో నేను అడిగి ఉంటే అదే అడిగేవాణ్ణి, దాంతో ఒకరి కూడు పోయేది. ఆయన ఎప్పుడు అని అడిగారు. ఆ తర్వాత ఏ వార్తకు వెళ్లినా నేనూ ముందు అదే అడిగాను. మనుషులు దానికి భయపడకుండా జవాబు చెబుతారు.