అందరూ ఔనన్న సర్వే

నేను పదిమందిలో తలెత్తుకోలేకపోయిన రోజు ఒకటుంది. చెబుతాను, నవ్వండి. కాకపోతే కాస్త మెల్లగా నవ్వండి, ఆ సిగ్గు ఇంకా ఆరలేదు.

అప్పట్లో శ్రీకాకుళంలో సోషియాలజీ పరిశోధన చేస్తున్నాను. మనుషులిచ్చే జవాబులను బట్టి కంటికి కనపడని గుణాలను కొలిచే పద్ధతి ఒకటుంది, లేటెంట్ వేరియబుల్ మోడలింగ్ అంటారు. దాన్ని నాలుగు వీడియోలు చూసి నేర్చేసుకున్నాను. ఇక చూడండి, బస్సులో పక్కావిడ ఆవలించినా నాకు వేరియబుల్లాగే కనిపించేది!

'ఇరుగుపొరుగు మీద నమ్మకం' కొలుద్దామని మా పిన్ని వాళ్ళ ఊరు ఎంచుకున్నాను. సముద్రం ఒడ్డు పల్లె. పిన్ని చేపలమ్ముతుంది; ఆవిడ గొంతెత్తితే పడవలు కూడా ఆగి వింటాయి. నేను ఏ ప్రశ్న అడిగినా ఆడవాళ్ళు చాలామంది "ఔను, శానా ఔను" అన్నారు. కంప్యూటర్లో వేస్తే ప్రశ్నలన్నీ ఒకే వలలో పడ్డ చేపల్లా కంటికి కనపడని ఒక్క గుణానికే చిక్కాయి. దానికి 'నమ్మకం' అని పేరు పెట్టేశాను, బారసాల చేసినంత సంబరంగా.

సెమినార్‌కు పిన్నిని కూడా తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాను. తెర మీద అంకెలు చూసి మా గైడు గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"అమ్మాయ్, 'పొరుగింట్లో తాళం ఇచ్చి వెళ్తాను' అంటే ఔనన్నారు. 'పొరుగువాళ్ళను అస్సలు నమ్మను' అన్నా ఔనన్నారు. ఎలాగమ్మా?"

నేను తెర వైపు వేలు చూపించాను. "అది... సంక్లిష్టమైన నమ్మకం సార్."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, పిన్ని లేచి నిలబడింది.

"మా పిల్లని ఏటీ అనకండి బాబూ! నానే ఇల్లిల్లూ తిరిగి సెప్పినాను. ఏటడిగినా ఔననండే, నేకపోతే మా పిల్ల పరీచ్చ పోతాదని."

"అందరికీ చెప్పారా అమ్మా?"

"సివరి ఈది వోళ్ళకి సెప్పనేదు. ఆళ్ళతో నాకు మాటల్నేవు."

గైడు గారు వీధి పేర్లు చూస్తూ జవాబుల కాగితాలు తిరగేశారు. కాదన్నవాళ్ళంతా ఆ చివరి వీధి వాళ్ళే.

"నువ్వు కొలిచింది నమ్మకం కాదమ్మాయ్, మీ పిన్నిగారి పలుకుబడి."

హాలంతా ఘొల్లుమంది. తనను మెచ్చుకుంటున్నారనుకుని పిన్ని అందరికీ నమస్కారం పెట్టింది. ఆవిడ మీద కోపం ఎలా వస్తుంది? అడ్డదిడ్డమైన జవాబులు కళ్ళెదుటే ఉన్నా మురిసిపోయింది నేను. భూమి చీలితే దూరిపోదామనిపించింది.

బయటికొచ్చాక పిన్ని ఆశగా అడిగింది, "పేసయిపోనావేటే?"

"అయ్యాను పిన్నీ."

ఆ రోజే సకల సాఫ్ట్‌వేర్ల సాక్షిగా ఒట్టేసుకున్నాను: నా మీద ప్రేమ ఉన్నవాళ్ళను పరిశోధన పేరుతో ఈ జన్మలో ఒక్క ప్రశ్నా అడగను. వాళ్ళు నాకు నిజం చెప్పరు, నేనూ వాళ్ళకు చెప్పలేను.