చేటెడు విత్తనం

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉందనగా, ఒక జూన్ మొదటి వారంలో, నన్ను నాయుడుపేట దగ్గరి డిస్టిలరీ నుంచి కార్వేటినగరం పక్కన కొత్తగా పెట్టిన మాల్ట్ హౌస్‌కు ఇన్‌చార్జిగా వేశారు. అక్కడి సరుకుతో పట్టిన విస్కీ పీపాను మొన్న సోమవారమే తెరిచారు. రిటైరైనవాణ్ణి, నన్నూ పిలిచారు! మా వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. డిగ్రీ పాసైన రోజు ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. ఇప్పుడూ కాలు నిలవడం లేదు.

మాల్ట్ అంటే గింజను నానబెట్టి, మొలకెత్తించి, సరైన సమయంలో ఆరబెట్టి మొలకను ఆపడం. పసిపిల్లలకు మన ఇళ్లలో చేసే రాగి మాల్టూ అదే. మొలకెత్తితే గింజలోని పిండి తీపెక్కుతుంది. ఆ తీపిని పులియబెట్టి, బట్టీ పట్టి, చెక్క పీపాల్లో ఏళ్లపాటు ఉంచితే విస్కీ. మొలకెత్తని గింజ మాకు ఇసుకతో సమానం.

అందరూ బార్లీతో చేస్తుంటే, మా కంపెనీకి ముద్దకంకి రాగితో చేయాలని బుద్ధి పుట్టింది. కంకి పిడికిలి బిగించినట్టుండే పాత రకం అది. దిగుబడి తక్కువని రైతులు వదిలేశారు. ఎంత తిరిగినా దగ్గర్లోని రైతు మునస్వామి నాయుడి ఇంట్లో తప్ప విత్తనం దొరకలేదు. ఉన్నదంతా ఆయన అర ఎకరంలో నాటాడు. పంట బ్రహ్మాండంగా వచ్చింది.

కోత అయిన రెండు నెలలకు శాంపిల్ తెప్పించి మొలక పరీక్ష పెట్టాను. తడిగుడ్డ మీద నూరు గింజలు పరిచి మూడో రోజు లెక్కపెట్టాలి. తొంభై అయిదు మొలిస్తేనే మాల్ట్‌కు తీసుకుంటాం. ఏడు మొలిచాయి. మళ్లీ పెట్టాను. అయిదు.

మునస్వామిని పిలిపించి గింజ చచ్చిపోయిందన్నాను.

"సచ్చిపోయిందా? మరి రాత్రి నేను సంగటి చేసుకోని తినింది దేన్నప్పా, శవాన్నా?"

ఎక్కడ నిల్వ పెట్టావని అడిగాను.

"యాడ పెడతాం సార్, పాతరలో. మా నాయన పోసినట్టే పోసినా. పదేండ్లయినా పురుగు తాకదు."

పాతర అంటే నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజ పోసి మట్టితో మూసేది. గాలి ఆడక పురుగు చస్తుంది, ఆ ఉక్కకు మొలకా చస్తుంది. అందుకే పూర్వం విత్తనాన్ని విడిగా దాచేవాళ్లు. అది మునస్వామికి తెలియక కాదు.

"నాటేదానికి కాదు కదా, సారాయికే కదా అనుకుంటి. ఇత్తనం మీరు ఎత్తిపెట్టింటారనుకుంటి" అన్నాడు.

ఆయనే ఎత్తిపెట్టుకుంటాడని నేననుకున్నాను. డిగ్రీ చదివిన ఇన్‌చార్జి అడగాల్సిన మొదటి ప్రశ్న అది, నేను అడగలేదు. జనరల్ మేనేజర్‌కు ఫోన్‌లో చెబితే, విత్తనం లేకపోతే రాగి పని మూసేసి బార్లీ తెప్పించమన్నారు.

మునస్వామి గడప మీద కూలబడ్డాడు. "మా అమ్మ చేతి ఇత్తనం సార్. నా చేతిలో పోయిందే."

బార్లీ కోసం చేసిన మొలక తట్టల కంతల్లోంచి రాగులు జారిపోతాయని, సన్నజాలీ బిగించడానికి రేకులపని మస్తాన్ వచ్చి ఉన్నాడు. చేతిలో పని ఆపి తలెత్తాడు.

"అరే నాయుడన్నా, కళ్లంలో నాకు మేర కొలిస్తివే, మర్సిపోతివా?"

మేర అంటే పనివాళ్లకు కళ్లంలోనే కొలిచిచ్చే వాటా. ఇప్పుడు ఇచ్చేవాళ్లు అరుదు. కొడవళ్లు సానబట్టినందుకు మునస్వామి మస్తాన్‌కు చేటెడు రాగులు కొలిచాడట.

"ఒరే, తినేయలేదా?"

"రంజాన్‌కు గంజి కాసుకుందామని మా బీబీ డబ్బాలో పోసి అటక మీద పెట్టుండాది. తినేసింటే నన్ను కోసి మొలకేసేటట్టుండావే!"

మోపెడ్ మీద వెళ్లి అరగంటలో డబ్బాతో వచ్చాడు. మూడో రోజు ముగ్గురం గుడ్డ మీదికి వంగి లెక్కపెట్టాం. తొంభై ఏడు! మునస్వామి నమ్మక మళ్లీ లెక్కపెట్టాడు.

"మిగిలిన మూడూ నీళ్లు ముట్టకుండా రోజా ఉండాయేమో సార్" అన్నాడు మస్తాన్.

ఆ చేటెడుతో నారు పోస్తే ఎకరానికి సరిపోయింది. మొన్న తెరిచింది ఆ ఎకరం పంటే. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే దించిన సంగటిలో బెల్లం కలిపినట్టుంది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం ఒక పద్ధతి పాటించాను. పాత రకం ఏది వేసినా, కోత రోజే విత్తనాన్ని మూడిళ్లకు పంచి, ఎవరింట్లో ఉందో రిజిస్టర్‌లో పేరుతో రాయించేవాణ్ణి. తిండిగింజ ఎక్కడున్నా ఫరవాలేదు. విత్తనం మాత్రం ఒకే కప్పు కింద ఉండకూడదు.